డిస్క్ జారింది: ఆపరేషనా, ఆగడమా?

లంక_కుర్రోడు: మా బావ కొత్తపేట దగ్గర రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు మోస్తాడు. నడుం నుంచి ఎడమ పిక్క దాకా ఒకటే లాగుడు. నెల దాటింది. ఎంఆర్ఐలో ఎల్5-ఎస్1 (నడుం అడుగున ఉండే) డిస్క్ ఎక్స్‌ట్రూజన్, అంటే డిస్క్ లోపలి ముక్క బయటికి జారింది అని రాశారు. ఒక డాక్టరు గారు వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు ఆగమన్నారు. ఏం చెయ్యమంటారు?

కొబ్బరితోట: కత్తి పెట్టించొద్దు బాబూ. మా పెదనాన్నకి చేయించాం, ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే నొప్పి.

భీమవరం_ఫిజియో: ఎక్స్‌ట్రూజన్ అన్న మాట చూసి హడలిపోకండి. బాగా బయటికి జారిన ముక్కని చాలామందిలో శరీరమే మెల్లగా పీల్చేసుకుంటుంది. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో కాలి నొప్పి తగ్గుతుంది. 2015లో వచ్చిన పెద్ద సమీక్షలో, ఏ నొప్పీ లేని ఇరవయ్యేళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. మంచం ఎక్కకుండా మెల్లగా నడుస్తూ ఉండమనండి.

గోదారి_గట్టు: ఆ 30 శాతం ఉబ్బుకండీ, ఎక్స్‌ట్రూజన్‌కి కాదు. రెండూ ఒకటేనా?

భీమవరం_ఫిజియో: ఒకటని నేనన్లేదు. స్కానింగ్ ఒక్కటే చూసి కొయ్యకూడదంటున్నాను.

గోదారి_గట్టు: ఉబ్బు లెక్క తెచ్చి ఎక్స్‌ట్రూజన్‌కి అతికించింది మీరేగా? నాకు మైక్రోడిసెక్టమీ (చిన్న కోతతో జారిన డిస్క్ ముక్క తీసే ఆపరేషన్) అయింది. మత్తు దిగేసరికి కాలి లాగుడు లేదు. అంతకుముందు బండి దిగాలంటే ఏడుపొచ్చేది.

భీమవరం_ఫిజియో: సంతోషం. కానీ 2007 నెదర్లాండ్స్ అధ్యయనంలో త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి, ఆగి చూసినవాళ్ళకంటే నొప్పి ముందు తగ్గింది, అంతే. ఏడాదికి రెండు వర్గాలూ దాదాపు సమానం.

గోదారి_గట్టు: ఆగినవాళ్ళలో 39 శాతం మంది ఆ ఏడాదిలోనే ఆపరేషన్‌కి వెళ్ళారు. అది మింగేశారేం? రోజుకింత అని మీ సెంటరుకి కట్టాలి కదా!

భీమవరం_ఫిజియో: నోరు జాగ్రత్త. ఆగినవాళ్ళలో మిగతా 61 శాతానికి ఆ కోత తప్పిందిగా?

పాలకొల్లు_నర్సు: మీ గొడవలో అసలుది పోతోంది. మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. మీ బావ ఎడమ కాలి మునివేళ్ళ మీద లేవగలడా?

గోదారి_గట్టు: ఫిజియో గారూ, ఏడాదికి సమానం అంటారు. నెల జీతం వచ్చేవాడికి సరే. కూలికెళ్ళేవాడికి ఆ ఏడాదంతా ఇల్లు ఎవరు గడుపుతారు? నా గొడవంతా అదే.

భీమవరం_ఫిజియో: కోసినా మర్నాడే బస్తా ఎత్తుతాడా? వారాల తరబడి బరువు ముట్టకూడదు. తొందరపడితే మళ్ళీ జారొచ్చు. కూలీ నష్టం రెండు దారుల్లోనూ ఉంది, మీరు ఒక దాన్నే లెక్కేస్తున్నారు.

కొబ్బరితోట: మా ఊళ్ళో మర్దన చేసేవాడున్నాడు, ఒకసారి తొక్కిస్తే...

పాలకొల్లు_నర్సు: ఆ పని మాత్రం చెయ్యకండి!

లంక_కుర్రోడు: ఇప్పుడే చూశాం. కుడి కాలితో లేస్తున్నాడు, ఎడమ కాలితో లేవలేకపోతున్నాడు. వారం నుంచి ఇంకా బలం తగ్గిందంటున్నాడు.

భీమవరం_ఫిజియో: అది చెప్పరేం ముందు? బలం తగ్గుతుంటే ఆగమని నేను చెప్పను. రేపే సర్జన్‌కి చూపించండి.

గోదారి_గట్టు: ఆయ్, ఇప్పుడొచ్చారు దారికి.

భీమవరం_ఫిజియో: దారి మారలేదండీ, కాలు మారింది.

పాలకొల్లు_నర్సు: వైద్యసేవ కార్డు మీద అవుతుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి.

లంక_కుర్రోడు: కార్డు ఉందండీ. చెరువు ఆసామి ఆదివారంలోగా రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడట. బావ ఆ టెన్షన్‌లోనే ఉన్నాడు.