పిల్లల కడుపు సీటీలో డోస్ రెండింతలు చూపిస్తోంది, ఏం చేయాలి?

ఉప్పల్ టెక్నీషియన్:
నాలుగు గంటలుగా కన్సోల్ ముందే కూర్చున్నా. ఐదేళ్ల పిల్లల కడుపు ప్రోటోకాల్, 100 కేవీ. సీటీడీఐ (మెషిన్ చూపించే డోస్ అంకె) 9.6 మిల్లీగ్రే వస్తోంది. మా గోడ మీది చార్టులో ఆ వయసుకి లిమిట్ 5. ఎంఏ (ట్యూబ్ కరెంట్) తగ్గించి డోస్‌ని 7కి తెచ్చా. ఇవాళ అలా తీసిన బాబు స్కాన్‌లో నాయిస్ (బొమ్మ మీద చుక్కలు) ఎక్కువని రేడియాలజిస్ట్ సార్ కోప్పడ్డారు. రేపు పొద్దున్నే ఇంకో పాప ఉంది. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

సికింద్రాబాద్ సీనియర్:
తమ్ముడూ, ముందు లెడ్ షీల్డ్ వేస్తున్నావా? మా రోజుల్లో పిల్లలకి గోనాడ్ షీల్డ్ (బీజకోశాల మీద కప్పే సీసపు కవచం) లేకుండా బటన్ నొక్కేవాళ్లం కాదు. ఇప్పటివాళ్లు ఆ అలవాటే మానేశారు.

ఫిజిసిస్ట్:
ఏ ఫాంటమ్ (డోస్ కొలిచే ప్లాస్టిక్ దిమ్మె)? 16 సెంటీమీటర్లదా, 32దా?

ఉప్పల్ టెక్నీషియన్:
బాడీ ప్రోటోకాల్ కదా సార్, 32 అయ్యుంటుంది.

ఫిజిసిస్ట్:
అయ్యుంటుంది కాదు. డోస్ రిపోర్ట్ పేజీ చూడు.

కూకట్‌పల్లి సీటీ:
సీనియర్ అన్నా, గోనాడ్ షీల్డ్ మామూలుగా వాడొద్దని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే చెప్పింది. స్కాన్ పరిధిలోకి లెడ్ వస్తే ఆటో ఎక్స్‌పోజర్ (ట్యూబ్ కరెంట్‌ని తనంతట తానే సర్దే ఏర్పాటు) కరెంట్ పెంచేస్తుంది, పిల్లకి డోస్ ఇంకా ఎక్కువవుతుంది.

సికింద్రాబాద్ సీనియర్:
తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి? షీల్డ్ చూస్తే వాళ్లకి ధైర్యం.

కూకట్‌పల్లి సీటీ:
రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాలి అన్నా. ఇంకో మాట, చార్టులో ఉన్నది లిమిట్ కాదు, రిఫరెన్స్ లెవల్. రోగికి డోస్ లిమిట్ అంటూ లేదు. మన సగటు తరచూ దాన్ని దాటుతుంటే ఎందుకో వెతకమని అర్థం.

సికింద్రాబాద్ సీనియర్:
పేరు ఏదైతేనేం, దాటకపోతే చాలు.

ఫిజిసిస్ట్:
చాలదు. దాటకూడదని ఎంఏ కోసేస్తే స్కాన్ పనికిరాదు. మళ్లీ తీస్తే ఆ బిడ్డకి రెండుసార్లు రేడియేషన్.

ఉప్పల్ టెక్నీషియన్:
సార్, చూశా. మా మెషిన్ పిల్లల బాడీకి 16 సెంటీమీటర్లది వాడుతోంది. చార్టు కింద చిన్న అక్షరాల్లో 32 అని ఉంది.

ఫిజిసిస్ట్:
అదే. ఒకే స్కాన్‌కి 16లో అంకె 32లో కన్నా దాదాపు రెండింతలు వస్తుంది. నీ 9.6 అంటే ఆ చార్టు లెక్కలో సుమారు 4.8. పాత ఎంఏకి వెళ్లు. ఈ రెండు అంకెలూ బిడ్డ ఒంటికి అందిన డోస్ కావు, ప్లాస్టిక్ దిమ్మెలో కొలిచినవి. ఒడ్డూ పొడుగూ చూసి సరిచేసే ఎస్ఎస్‌డీఈ లెక్క నేర్చుకో.

కూకట్‌పల్లి సీటీ:
బాబు స్కాన్ మళ్లీ తీయాలన్నారా?

ఉప్పల్ టెక్నీషియన్:
లేదన్నా, ఆ బొమ్మలతోనే రిపోర్ట్ ఇచ్చారు. ఎంఏ మార్చేశా. థాంక్స్ సార్.