సీపీసీ తప్పింది, మేలో ఇంటర్న్‌షిప్ పిలుపు వచ్చింది: అసలు లా స్టూడెంట్‌కి మార్కులు ముఖ్యమా, కాదా?

ఒంగోలు_ఎల్‌ఎల్‌బీ:
మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, రెండో ఏడు చదువుతున్నా. మొన్నటి రిజల్ట్స్‌లో సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్, సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పేపర్) పోయింది, మిగతావి 50ల్లో గట్టెక్కాయి. హైకోర్టులో ప్రాక్టీస్ చేసే ఒక సీనియర్ గారు మే నెలంతా హైదరాబాద్ వచ్చి ఆఫీసులో పని నేర్చుకోమన్నారు. స్టైపెండ్ లేదు, హాస్టలూ భోజనమూ మన ఖర్చే. నాన్న మాత్రం "ముందు పేపర్ క్లియర్ చెయ్యి, కోర్టు ఎక్కడికీ పారిపోదు" అంటున్నారు. క్లాసులో చాలామందేమో లాయర్‌ని మార్కుల మెమో ఎవరూ అడగరంటున్నారు. మీరేమంటారు?

సీజీపీఏ_బాధితుడు:
ఎవరూ అడగరన్నది సగం అబద్ధం బ్రో. నేను ఎన్‌ఎల్‌యూలో (నేషనల్ లా యూనివర్సిటీ) ఐదేళ్ల కోర్సు. క్యాంపస్‌కి పెద్ద ఫర్ములు వచ్చినప్పుడు ముందు సీజీపీఏ దగ్గరే వడపోత. ఆ గీత కిందున్నవాడు ఎన్ని మూట్‌లు (మాక్ కోర్టు పోటీలు) గెలిచినా సీవీ తెరిచే దిక్కుండదు. గవర్నమెంటు వైపు చూసినా, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు క్లాట్ పీజీ (ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష) స్కోరుతో లా ఆఫీసర్లను తీసుకుంటాయి. డిగ్రీలో 60 శాతం ఉండాలని నోటిఫికేషన్లోనే అడిగేవి ఉన్నాయి. 50ల్లో గట్టెక్కాయని తేలిగ్గా అనేశావు గానీ, ఇప్పట్నుంచే లెక్క చూసుకో. నాన్నగారి మాట విను.

గోదారి_వకీలు:
మేలో హైకోర్టుకి వేసవి సెలవులు బాబూ! వెకేషన్ బెంచి కొన్ని రోజులే కూర్చుంటుంది, అర్జెంటు మ్యాటర్లు తప్ప ఏవీ రావు. నువ్వు అంత ఖర్చు పెట్టుకుని వెళ్తే ఆఫీసులో కూర్చోబెట్టి పాత జడ్జిమెంట్లు వెతికిస్తారు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. అదీ పనే, కాదనను. కానీ కోర్టు చూడాలంటే మీ ఊళ్లోనే చూడు. సివిల్ కోర్టులకి సెలవులున్నా మేజిస్ట్రేట్ కోర్టులో పని ఆగదు. రిమాండ్లూ బెయిళ్లూ ఎండల్ని చూసి ఆగుతాయా?

మార్కుల సంగతంటారా. మా ఆఫీసుకి ఒక స్టూడెంటు అమ్మాయి వచ్చింది. సీపీసీలో క్లాస్ ఫస్టు. పొలం మీద ఇంజంక్షన్ (అవతలివాళ్లు జోక్యం చేసుకోకుండా ఆపే ఉత్తర్వు) దావా ఒకటి డ్రాఫ్ట్ చెయ్యమన్నాను. కాజ్ ఆఫ్ యాక్షన్, వాల్యుయేషన్, ప్రేయర్ అన్నీ ముచ్చటగా రాసింది. ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లో సర్వే నంబరుంది, ఎకరాలూ సెంట్లూ ఉన్నాయి, నాలుగు హద్దులు లేవు. మా గుమస్తా నిలబడే ఓ చూపు చూసి "ఇది రిటర్న్ కొట్టేస్తారమ్మా" అన్నాడు. ఆస్తిని గుర్తుపట్టేలా వర్ణించాలని చెప్పే సీపీసీ ఆర్డర్ 7 రూల్ 3 ఆ అమ్మాయికి కంఠతా వచ్చు. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ పంటకాలువ అని రాస్తేనే ఆ వర్ణన అవుతుందని ఏ లెక్చరరూ చెప్పలేదు. కాబట్టి సీపీసీ పోయినవాడు ఇంట్లో గైడు బట్టీ పట్టడం కన్నా గుమస్తా పక్కన కూర్చోవడం నయం.

సీజీపీఏ_బాధితుడు:
సార్, రూల్ 3లో హద్దులు "లేదా" సర్వే నంబర్లు అనే కదా ఉంది? ఆవిడ రాసింది కరెక్టే అవుతుంది.

గోదారి_వకీలు:
పుస్తకం ప్రకారం నువ్వన్నది కరెక్టే. కానీ మా వైపు ఒకే సర్వే నంబర్లో సబ్‌డివిజన్ కాకుండా అరడజను మంది పొలాలుంటాయి. ఇంజంక్షన్ ఇచ్చాక కోర్టు అమీనా వెళ్లి ఏ చెక్క దగ్గర నిలబడాలి? నీ ప్రశ్న మాత్రం బాగుంది, పుస్తకం చదివినవాడే వేస్తాడు.

బెజవాడ_అడ్వకేట్:
ఉచితంగా చెయ్యడం సంగతి ఎవరూ ఎత్తరేం? నేను బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా ఎన్‌రోల్ అయ్యి జూనియర్‌గా చేరినప్పుడు మా సీనియర్ గారు బస్సు చార్జీలు కూడా ఇవ్వలేదు. ఊళ్లో సొంతిల్లున్న క్లాస్‌మేట్లు నిలబడ్డారు, హాస్టల్లో ఉన్నవాళ్లం ట్యూషన్లు చెప్పుకుని బతికాం. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. అదీ సిఫారసే, ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. జూనియర్ల గతే అలా ఉంటే స్టూడెంట్‌ని పట్టించుకునేదెవరు? ఇంట్లో డబ్బు లేని పిల్లలకి మార్కులొక్కటే పైసా ఖర్చు లేకుండా చేతికొచ్చే ఆస్తి. వాటిని తీసిపారెయ్యకండి సార్.

డాలస్_జేడీ:
మార్కుల గోల అక్కడే ఎక్కువనుకుంటున్నారేమో, ఇక్కడ అమెరికాలో చూడాలి. చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ మొత్తానికి చివర ఒకే పరీక్ష, పైగా కర్వ్. నువ్వు బాగా రాస్తే చాలదు, పక్కవాడికన్నా బాగా రాయాలి. పెద్ద ఫర్ముల్లో రెండో ఏడు తర్వాత వచ్చే సమ్మర్ ఉద్యోగమే పర్మనెంట్ ఆఫర్‌కి దారి. దానికి వాళ్లు చూసేది ఫస్టియర్ గ్రేడ్లు. లా అంటే ఏమిటో తెలిసేలోపే తలరాత రాసేస్తారు. ఆ సమ్మర్‌లో జీతం మాత్రం దండిగా ఇస్తారు, అది ఒప్పుకోవాలి.

రూల్_పొజిషన్:
ఒంగోలు తమ్ముడూ, బార్ కౌన్సిల్ 2008 రూల్స్ చూడు. మూడేళ్ల కోర్సుకి మొత్తం కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్, ఐదేళ్లకి 20. ఒక ఏడాదిలో ఏకబిగిన 4 వారాలు మించకూడదు. ట్రయల్, అప్పిలేట్ లాయర్ల దగ్గర ఒక్కసారైనా చేసి ఉండాలి. అంటే ఇది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు, ఎప్పుడో ఒకప్పుడు చెయ్యక తప్పదు. జడ్జి పోస్టు మీద కన్నుంటే ఇంకోటి. సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ తెచ్చింది. ఆ లెక్క ఎన్‌రోల్‌మెంట్ నుంచే మొదలవుతుంది, స్టూడెంట్‌గా తిరిగింది అందులోకి రాదు. బ్యాక్‌లాగ్‌తో డిగ్రీ లేటయితే ఎన్‌రోల్‌మెంటూ లేటు.

బెజవాడ_అడ్వకేట్:
చూశారా, నేను చెప్పేదీ అదే.

గోదారి_వకీలు:
మేడమ్, డబ్బు విషయంలో మీతో వాదన లేదు. నేను హైదరాబాద్ వద్దన్నదీ అందుకే. సొంతూళ్లో అయితే అన్నం ఇంట్లోనే.

ఒంగోలు_ఎల్‌ఎల్‌బీ:
అందరికీ థాంక్స్. హైదరాబాద్ సార్‌కి ఫోన్ చేసి డిసెంబర్‌లో వస్తానని అడుగుతా. ఇక్కడే క్రిమినల్ సైడ్ చూసే ఒక లాయర్ గారు ఉన్నారు, పొద్దున ఆయనతో కోర్టుకి, సాయంత్రాలు సీపీసీ. తీసుకెళ్లాల్సినవి ఏమైనా ఉన్నాయా సార్?

గోదారి_వకీలు:
కొత్త క్రిమినల్ చట్టాల బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు), ఒక నోట్‌బుక్కు. హాల్లో అందరూ ఇంకా "317 వేశారా" అనే అడుగుతారు, ముద్దాయి రాలేదని పాత సీఆర్‌పీసీ 317 సెక్షన్ కింద వేసే పిటిషన్. నువ్వు రాసేటప్పుడు మాత్రం దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 355 అని రాయాలి. పాత నంబర్లతో చదివిన మా బోటివాళ్ల కన్నా మీ బ్యాచ్‌కి ఇది సులువు. తెల్ల చొక్కా, నల్ల టై సరే. కోటు గురించి ఆయన్నే అడుగు. హైకోర్టులూ సుప్రీంకోర్టూ తప్ప మిగతా చోట్ల ఎండాకాలం కోటు తప్పనిసరి కాదని లాయర్లకే రూల్ ఉంది, అయినా కొందరు సీనియర్లు ఒప్పుకోరు.

సీజీపీఏ_బాధితుడు:
మార్కుల విషయంలో నేను ఇప్పటికీ మారను. ఇంతకీ సీపీసీ ఎన్ని మార్కులతో పోయింది? రీవాల్యుయేషన్‌కి పెట్టావా?

ఒంగోలు_ఎల్‌ఎల్‌బీ:
రెండు మార్కులు. పెట్టలేదు.

సీజీపీఏ_బాధితుడు:
ఇంత వాదన అయ్యాక చెప్తావా! గడువు ఉందేమో కనుక్కుని రేపు పొద్దున్నే ఫీజు కట్టు.