అప్‌డేట్: కాలు విరిగిన కుక్కపిల్ల

ఉప్పల్‌లో బండి గుద్దిన వీధి కుక్కపిల్లకి వైద్యం ఎక్కడ, డబ్బులెలా అని అడిగాను కదా, బతికింది! ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఆపరేషన్, రాడ్డు అని పాతికవేలు చెప్పారు. మీ మాట విని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి, పసిది కాబట్టి ఎముక తొందరగా అతుక్కుంటుందని కట్టుతోనే సరిపెట్టారు. నొప్పికి పారాసిటమాల్ వేద్దామన్న పక్కింటి పిన్నిగారిని ఆపినందుకు థ్యాంక్స్, అది కుక్కలకి విషమట.

ఎత్తుకునేటప్పుడు పన్ను గీరింది. నేనూ ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకాలు ఉచితంగా వేయించుకుంటున్నా (0, 3, 7, 28 రోజులు). అపార్ట్‌మెంట్ వాళ్ల చందాలో మిగిలింది పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకాకి. లెక్కలన్నీ రసీదులతో సహా వాట్సాప్‌లో పెట్టేశా. చందా ఇవ్వనివాళ్లే ఎక్కువ అడిగారనుకోండి! ఇప్పుడిక పెంచుకునేవాళ్లు కావాలి. ఆడపిల్ల, గోధుమ రంగు, పెరుగన్నం అంటే ప్రాణం.