హైస్కూలును మూడు అకాడమీలుగా విడగొట్టాలంటున్నారు, టైంటేబుల్ ఎలా వేయాలి?

ప్రశ్న (లెక్కల టీచరు, చంద్రగిరి దగ్గర ప్రైవేటు హైస్కూలు):
మా కరస్పాండెంట్ గారు వచ్చే జూన్ నుంచి 8, 9 తరగతులను మెడికల్, ఇంజినీరింగ్, కామర్స్ అని మూడు అకాడమీలు చేయాలంటున్నారు. ఒక్కో తరగతికి మూడు సెక్షన్లున్నాయి. అమెరికాలో ఇట్లా చేస్తారంట. టైంటేబుల్ పని నా నెత్తిన పడింది. మార్కులు చూసి విడగొడితే సరిపోతుందా? సిలబస్ అందరికీ ఒకటే కదా, మరి తేడా ఎక్కడ చూపించాలి?

జవాబు (రిటైర్డ్ హెచ్ఎం, తిరుపతి):
మేడం, మార్కుల జోలికి మాత్రం పోకండి. అట్లా విడగొట్టారంటే గుమ్మం మీద ఏ పేరు రాసినా వారం తిరిగేసరికి పిల్లలే ఏ సెక్షన్, బీ సెక్షన్ అని పిలుస్తారు, కామర్స్‌లో పడ్డ పిల్లాడి అమ్మ వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటుంది. అది మనకు కొత్తా, ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్లు చూస్తూనే ఉన్నాం.

అమెరికాలో ఇది 1969లో ఫిలడెల్ఫియాలోని ఎడిసన్ హైస్కూల్లో ఎలక్ట్రికల్ అకాడమీగా మొదలైంది. మధ్యలో బడి మానేసేలా ఉన్న పిల్లలను నిలబెట్టడానికి పెట్టారు, ఫస్టు ర్యాంకులను ఏరడానికి కాదు. అందులో అసలు పట్టు టీచర్లలో ఉంది. ఒకే గుంపు పిల్లలకు రెండు మూడేళ్లపాటు అదే టీచర్లు చెబుతారు, వాళ్లందరికీ ఒకేసారి లీజర్, అంటే ఖాళీ పీరియడ్, దొరుకుతుంది, అప్పుడు కూర్చుని ఫలానా పిల్లాడు లెక్కల్లో ఎందుకు జారాడు, ఇంగ్లీషులో ఎట్లా ఉన్నాడు అని మాట్లాడుకుంటారు. కాబట్టి ఖాళీ టైంటేబుల్ మీద ముందు ఆ ఉమ్మడి లీజర్‌ను పెన్నుతో రాయండి, మిగతావన్నీ పెన్సిల్‌తో.

సిలబస్ ముట్టుకోవద్దు. తేడా ఉదాహరణల్లో, ప్రాజెక్టుల్లో, చూడబోయే చోట్లలో చూపించండి. ఆరోగ్యం వాళ్లకు ఆసుపత్రి ల్యాబ్, యంత్రాల వాళ్లకు రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్. వ్యాపారం వాళ్లను చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకెళ్లేటట్లయితే బడి తెరిచిన వెంటనే, జూన్ జూలైలోనే వెళ్లండి. తోతాపురి లారీలు క్యూ కట్టేది అప్పుడే, దసరాకు పోతే కడిగి పెట్టిన డ్రమ్ములు చూసి రావాల్సిందే.

ఒక తండ్రి (తిరుచానూరు):
అంతా బాగుంది సార్, కానీ ఎనిమిదో తరగతి పిల్లకు ఏం తెలుసని ఎంచుకుంటుంది? మా అమ్మాయి పోయిన ఏడాది డాక్టర్ అంది, ఇప్పుడు పోలీస్ అంటోంది.

రిటైర్డ్ హెచ్ఎం:
అందుకే తలుపు మూయకూడదు. ఫారంలో రెండు ఇష్టాలు రాయించుకోండి, ఒకదానికి ఎక్కువమంది వస్తే చీటీలు తీయండి, 8 చివర్లో మారే వీలు ఇవ్వండి. పేర్లు కూడా మెడికల్, ఇంజినీరింగ్ వద్దు, సీటు గ్యారంటీ అనుకుంటారు. అమెరికాలో ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ 9 హైస్కూళ్లలో లాటరీ పద్ధతిన పిల్లలను ఎంచి ఏళ్ల తరబడి గమనించింది. లాటరీలో అకాడమీ సీటు వచ్చినవాళ్ల సంపాదన, రానివాళ్లతో పోలిస్తే, హైస్కూలు తర్వాతి 8 ఏళ్లలో సగటున 11 శాతం ఎక్కువగా ఉంది, మగపిల్లల్లో ఇంకా బాగా కనిపించింది. డిగ్రీ చదువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ కరస్పాండెంట్ గారు కరపత్రంలో ఐఐటీ, నీట్ అని వేయించే ముందు ఈ ముక్క ఆయన చెవిన వేయండి. పదో తరగతి అయ్యాక ఇంటర్ ఒక్కటే కాదు, పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ కూడా ఉన్నాయని తల్లిదండ్రుల మీటింగులో చెప్పించండి, అది చాలు.

లెక్కల టీచరు:
థాంక్యూ సార్. ఒక్కటే చిక్కు, మాకు హిందీకి ఒక్కరే సారు, మూడు గుంపులకూ ఆయనే తిరగాలి.

రిటైర్డ్ హెచ్ఎం:
హిందీ, పీఈటీ ఉమ్మడిగానే ఉంచండి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, ఈ ముగ్గురిని గుంపుకు కట్టేస్తే చాలు. వాళ్ల ఉమ్మడి లీజర్‌లో ఆ గుంపుకు హిందీ పడేలా వేయండి, ముగ్గురికీ ఒకేసారి ఖాళీ అట్లాగే దొరుకుతుంది. మూడు గుంపులకు మూడు వేరే రోజులు పెడితే ఆయనకూ కుదురుతుంది.