‘లీ’ని తెలుగులో ఏమనాలి? నా ఓటు ‘పద్ధతి’కి

చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ మాట ‘కె జీ ఫు లీ’ని తెలుగులో ఎలా చెప్పాలని ఇక్కడ ఒక మిత్రుడు అడిగారు. కామెంట్లో రాస్తే ఇరుకవుతుందని విడిగా రాస్తున్నాను.

ఈ నాలుగు అక్షరాలు ఆయన మాటల సంకలనం ‘లున్ యూ’లో 12వ అధ్యాయం మొదట్లోనే వస్తాయి. ‘రెన్’ అంటే ఏమిటని శిష్యుడు యెన్ హుయ్ అడుగుతాడు. తనను తాను అదుపులో పెట్టుకుని ‘లీ’కి తిరిగి రావడమే రెన్ అంటాడు గురువు. రెన్‌ని ప్రస్తుతానికి మానవత్వం అనుకుందాం. చిక్కంతా ‘లీ’ దగ్గరే: పూజా విధి, రోజువారీ నడవడి రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

కామెంట్లలో ఎక్కువమంది ‘మర్యాద’ అన్నారు. సంస్కృతంలో ఆ మాటకు హద్దు అని అర్థం కాబట్టి ఒకప్పుడైతే బాగానే సరిపోయేది. ఇప్పుడు మర్యాద అంటే ఎదుటివాళ్లకు చేసేది. పెళ్లివారికి మర్యాదలు చేస్తాం. ‘మర్యాదగా చెప్తున్నా’ అంటే సగం బెదిరింపే. ‘ఆచారం’ అంటే మడి, పూజ గుర్తొస్తాయి. నిజానికి ఆ మాటలో ఉన్న ‘చర’ ధాతువుకు అర్థం నడవడమే, కానీ తెలుగులో ఆ నడక మనకు వినిపించడం లేదు.

నడక సంగతి ఎందుకు ఎత్తానంటే, క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు చైనా అక్షరాలకు నిఘంటువు కూర్చాడు. అందులో ‘లీ’కి ఇచ్చిన మొదటి అర్థం ‘ల్యూ’, అంటే అడుగు వేయడం. చెప్పులకూ అదే మాట. ఆ వెంటనే, దేవతలను సేవించి శుభం పొందే మార్గం అని చేర్చాడు. పూజా విధిగా మొదలైన మాట రోజువారీ నడవడి దాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు మన ‘పద్ధతి’ చూడండి. పద్ అంటే పాదం. పాదాల తాకిడికి పడిన బాట పద్ధతి. ‘ఇదేం పద్ధతి?’, ‘అది పద్ధతి కాదు’ అని రోజుకు ఎన్నిసార్లు అంటామో! యెన్ హుయ్ వివరంగా చెప్పమంటే గురువు చెప్పిన నాలుగు మాటలూ ఇందులో అలా ఒదిగిపోతాయి: పద్ధతి కానిది చూడకు, పద్ధతి కానిది వినకు, పద్ధతి కానిది మాట్లాడకు, పద్ధతి కానిది చేయకు. ఇది చదివితే అనువాదం అనిపించదు.

ఇక మొదటి రెండక్షరాలు ‘కె జీ’. కె అంటే అదుపు చేయడం లేదా జయించడం, జీ అంటే తాను. వీటి మీద చైనా వ్యాఖ్యాతల మధ్యే పెద్ద తగువు నడిచింది. జూ షీ (1130–1200) దీన్ని స్వార్థపు కోరికలను జయించడం అన్నాడు. అంతకు వెయ్యేళ్ల ముందే మా రోంగ్ అనే పండితుడు చెప్పిన అర్థం ఒంటిని కట్టడిలో ఉంచుకోవడం. నేను మా రోంగ్ పక్షమే. యెన్ హుయ్‌కి ఇచ్చిన అదే జవాబులో కొంచెం కిందికి వస్తే, రెన్ మన నుంచే వస్తుంది, ఇతరుల నుంచి వస్తుందా అంటాడు గురువు. అక్కడా అదే ‘జీ’ అక్షరం. జయించాల్సిన శత్రువు నుంచి మానవత్వం ఎలా పుడుతుంది? పైగా మా రోంగ్ అర్థానికి మన దగ్గర రెడీగా జాతీయం ఉంది: ఒళ్లు దగ్గర పెట్టుకోవడం.

అందుకే నా అనువాదం ఇది: ‘ఒళ్లు దగ్గర పెట్టుకుని పద్ధతిగా నడుచుకోవడమే మానవత్వం.’

ఒక అభ్యంతరం నాకూ తోచింది. మన ఇళ్లల్లో పద్ధతి అనే మాట ఎక్కువగా ఆడపిల్లల మీదికి, కోడళ్ల మీదికి వెళ్తుంది. చెప్పేవాళ్లు పెద్దలు, పడేవాళ్లు చిన్నవాళ్లు. కన్ఫ్యూషియస్ లీ అలాంటిది కాదని చెప్పడానికి 15వ అధ్యాయం చివర ఉన్న చిన్న ఘట్టం చాలు. మ్యెన్ అనే చూపులేని సంగీత విద్వాంసుడు ఆయన్ని చూడవస్తాడు. మెట్ల దగ్గరికి రాగానే ‘ఇదిగో మెట్టు’ అంటాడు గురువు. చాప దగ్గరికి రాగానే ‘ఇదిగో చాప’ అంటాడు. అందరూ కూర్చున్నాక ఫలానావారు ఇక్కడున్నారు, ఫలానావారు అక్కడున్నారు అని చెప్తాడు. ఆయన వెళ్లాక, విద్వాంసుడితో మాట్లాడే తీరు ఇదేనా అని శిష్యుడు జిజాంగ్ అడిగితే, అవును, ఆయనకు దారి చూపడమంటే ఇదే అంటాడు. చూసేవాళ్లకు అదంతా ఎంత చిన్న విషయమో! లీ అనగానే నాకు ఆ మెట్టే గుర్తొస్తుంది. అక్కడ పద్ధతి పాటిస్తున్నది గురువే.

మనిషిలో రెన్ లేకపోతే లీతో ఏం పని అని 3వ అధ్యాయంలో ఆయనే అన్నాడు కూడా.

ఇక ‘ఫు’ సంగతి నాకు ఇంకా తేలలేదు. తిరిగి రావడం అన్న భావాన్ని నా వాక్యంలో వదిలేశాను. ‘పద్ధతికి తిరిగి రావడం’ అంటే తెలుగులో అతకడం లేదు, ‘దారిలో పడటం’ అంటే చెడిపోయినవాడు బాగుపడినట్టు వినిపిస్తుంది. మీ వైపు దీనికి ఏదైనా మాట వాడుకలో ఉంటే చెప్పండి. ముఖ్యంగా సీమవాళ్లు, తెలంగాణవాళ్లు రాస్తే సంతోషం.