అప్‌డేట్: నాన్న క్యాసెట్ల జాబితా ఒక కొలిక్కి వచ్చింది

హనుమకొండలోని మా ఇంట్లో నాన్న దాచిన క్యాసెట్లకు తేలికైన సాఫ్ట్‌వేర్‌తో జాబితా, లేబుళ్లు ఎలా తయారు చేయాలని ఇంతకుముందు అడిగాను. లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పట్టికలు తయారు చేసే క్యాల్క్ చాలన్న వారందరికీ కృతజ్ఞతలు, నిజంగానే సరిపోయింది.

క్యాసెట్‌కు కాకుండా ఒక్కో వైపుకు ఒక వరుస కేటాయించమన్న సలహా అన్నింటికన్నా విలువైనది, ఎందుకంటే మా దగ్గర ‘ఎ’ వైపున మల్లన్న ఒగ్గుకథ ఉంటే ‘బి’ వైపున మేడారం జాతర పాటలు ఉండటం మామూలే. సంఖ్యలను 001, 002 అని టెక్స్ట్ రూపంలో రాస్తే క్రమం చెదరదు. జాబితాను సీఎస్‌వీగా (సాదా అక్షరాల పట్టిక ఫైలుగా) భద్రపరిచేటప్పుడు అక్షరాల ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు అక్షరాలు చెడిపోవు.

లేబుళ్లను లిబ్రేఆఫీస్‌లోనే పత్రాలు రాసే రైటర్‌లోని మెయిల్ మర్జ్‌తో (జాబితాలోని వివరాలను ఒక్కో లేబుల్‌లో నింపే సదుపాయంతో) ముద్రించి డబ్బా అంచు మీదే అంటించాను, ఎందుకంటే క్యాసెట్ మీద అంటించిన కాగితం జిగురు వదిలితే ప్లేయర్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. నాన్న చేతిరాత ఉన్న అట్టలను కదిలించకుండా ఫొటో తీసి, ఫైలు పేరును జాబితాలో చేర్చాను.

పేరు రాయని క్యాసెట్లు ఇంకా మిగిలాయి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాతది చెరిగిపోకుండా, వాటి పైఅంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలను ముందే విరిచి, అమ్మతో కలిసి వింటున్నాను. ఆమె గుర్తుపట్టిన గొంతులకు జాబితాలో ప్రత్యేకంగా ఒక గడి పెట్టాను.