తాగి చేసిన తప్పుకు శిక్ష రెట్టింపా?

ప్రశ్న: సివిల్స్ ఎథిక్స్ పేపర్ కోసం అరిస్టాటిల్ 'నికొమాకియన్ ఎథిక్స్' మూడో భాగం చదువుతున్నాను. తెలియక చేసిన పనికి మనిషిని నిందించకూడదంటాడు. మళ్లీ తాగి ఒళ్లు తెలియక చేసిన తప్పుకు రెట్టింపు శిక్ష సరైనదే అంటాడు. ఈ రెండూ ఎలా పొసుగుతాయండీ?

జవాబు 1: తాగకుండా ఉండటం అతని చేతిలో పనే కదండీ. గ్రీకు దీవి లెస్బోస్‌లోని మిటిలీనీ నగరాన్ని ఏలిన పిట్టకస్ ఇలాంటి చట్టమే పెట్టాడు.

జవాబు 2: అరిస్టాటిల్ చెప్పిన తుఫాను ఉదాహరణ కూడా చదవండి. ఓడ మునిగేలా ఉంటే సరుకు సముద్రంలో పారేస్తారు. మామూలుగా ఎవరూ కోరి చేయని పని. అయినా ఆ క్షణంలో ఎంచుకున్నది వాళ్లే కాబట్టి అది ఇష్టపూర్వకమైన పనికే దగ్గర అంటాడు. నాకు ఆయనలో బాగా నచ్చేది ఇదే. పరిస్థితిని లెక్కలోకి తీసుకుంటాడు, మనిషిని మాత్రం వదిలిపెట్టడు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ముడి వీడింది. మరి చిన్నప్పటి నుంచి చెడు అలవాట్లలోనే పెరిగినవాడి సంగతి?

జవాబు 2: అక్కడే నాకూ ఆయనతో పేచీ. మన స్వభావానికి కొంతవరకు మనమే కారకులం అంటాడు. రెండో భాగంలోనేమో చిన్ననాటి అలవాటే సర్వం అన్నంతగా రాశాడు. పెంపకం వాటా ఎంతో తేల్చకుండానే వదిలేశాడు.